ప్రకటనలో ఒకటి, పెట్టెలో ఇంకొకటి: ఆన్‌లైన్‌లో కొన్న పాత వస్తువుల తగాదా ఎక్కడ, ఎలా తేలుతుంది

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇప్పుడు పాత ఫోను, పాత బండి, పాత ఫ్రిజ్, చివరికి రొయ్యల గుంటకు కావలసిన ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) కూడా ఫోనులోనే బేరమాడి కొంటున్నారు. ఫొటో నచ్చుతుంది, వాట్సాప్‌లో ధర తేలుతుంది, యూపీఐలో డబ్బు వెళ్తుంది. వస్తువు చేతికి వచ్చాక చూస్తే ప్రకటనలో చెప్పింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. అక్కడినుంచి సలహాలు మొదలవుతాయి. ఒకరు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళమంటారు. ఒకరు కన్జ్యూమర్ కోర్టులో వేయమంటారు. ‘సెకండ్ హ్యాండ్ కొంటే ఇంతే, ఊరుకో’ అని ఇంకొకరు తేల్చేస్తారు. ముగ్గురి మాటా ఏదో ఒక సందర్భంలో సరైనదే. అది ఏ సందర్భమో తేలేది వస్తువు ఎంత పాడైందన్న దాన్నిబట్టి కాదు. అమ్మినవారు ఎవరు, కచ్చితంగా ఏ మాట చెప్పి అమ్మారు అన్నదాన్నిబట్టి.

పాతబడటం వేరు, తప్పుగా చెప్పడం వేరు

మూడేళ్ళు వాడిన ఫోనులో బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతే అది లోపమని అనలేం, అది దాని వయసు. ‘బ్యాటరీ పోయిన నెలలోనే కొత్తది వేయించాను’ అని చెప్పి అమ్మిన ఫోనులో అదే జరిగితే అది తప్పుడు వర్ణన. చట్టం పట్టించుకునేది ఈ రెండోదాన్ని.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది ఒప్పందంలో అంతర్గతంగా ఉండే షరతు. రాసుకోకపోయినా అది ఉన్నట్టే. అమ్మింది దుకాణదారా, పక్కవీధి ఉపాధ్యాయుడా అన్న తేడా ఈ సెక్షన్‌కు లేదు. ఆ తర్వాతి 16వ సెక్షన్ మాత్రం నాణ్యతకు, పనికి వచ్చే తీరుకు పూచీని ప్రధానంగా ఆ సరుకుతో వ్యాపారం చేసేవారిమీదే పెడుతుంది. అంటే ఒక మామూలు మనిషి తన పాత వాషింగ్ మెషిన్ అమ్మితే, అది ఎన్నాళ్ళు పనిచేస్తుందన్న పూచీ ఆయనది కాదు. ‘మోటారు ఎప్పుడూ విప్పలేదు’ అని చెప్పి ఉంటే ఆ మాటకు మాత్రం ఆయనే బాధ్యుడు.

ప్రకటనలో రాసిన ప్రతి మాటా వర్ణన కాదు. ‘బండి బంగారం’, ‘సూపర్ కండిషన్’, ‘కొన్నవాళ్ళ అదృష్టం’ వంటివి అమ్మేవారి ఉత్సాహం. వాటిమీద కేసు నిలబడదు. ‘ఒక్కరి చేతిలోనే నడిచింది’, ‘32,000 కిలోమీటర్లు తిరిగింది’, ‘స్క్రీన్ కంపెనీదే’ వంటివి నిజమో కాదో పరీక్షించి తేల్చగల సంగతులు. తగాదా అంతా వీటిమీదే నడుస్తుంది.

మరి ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, తర్వాత మాకు సంబంధం లేదు’ అని రాస్తే? అంతర్గత షరతులను ఒప్పందంతో తగ్గించుకునే వీలు అదే చట్టంలోని 62వ సెక్షన్ ఇస్తుంది. కాబట్టి ఆ వాక్యం ఉత్త మాట కాదు. అయితే తెలిసి చెప్పిన అబద్ధానికి అది రక్షణ కాదు.

ఒకే ఫోను, ముగ్గురు అమ్మకందార్లు

దర్గామిట్టలో ఉండే ఒక డిగ్రీ విద్యార్థిని 18,000 రూపాయలకు పాత ఫోను కొన్నదనుకుందాం. స్క్రీన్ కంపెనీదేనని, ఎప్పుడూ విప్పలేదని ప్రకటనలో ఉంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే అది బయట వేయించిన స్క్రీన్ అని రాసి ఇచ్చారు. అలాంటి స్క్రీన్ ఉన్న ఫోను మార్కెట్లో 13,500కు దొరుకుతుందనుకుంటే నష్టం 4,500.

అమ్మింది పాత ఫోన్లను బాగుచేసి వారంటీతో అమ్మే ఆన్‌లైన్ సంస్థ అయితే దారి సులువు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల కింద ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోనని చెప్పే హక్కు అమ్మకందారుకు లేదు. కేంద్రం నడిపే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్ళు కంపెనీకి ఫిర్యాదు చేరవేసి జవాబు రాబడతారు, తీర్పు చెప్పే అధికారం వారికి లేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంటుంది, కన్జ్యూమర్ కోర్టు అని అందరూ అనేది దీన్నే. కొన్నవారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి సంస్థ బెంగళూరులో ఉన్నా విచారణ నెల్లూరులోనే. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. వస్తువును పరీక్ష చేయించే అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే పట్టడం మామూలే.

అమ్మింది ట్రంకు రోడ్డులోని ఒక చిన్న మొబైల్ దుకాణమై, తన పాత ఫోన్లను ఆన్‌లైన్‌లో కూడా పెడుతుంటే, అదీ వ్యాపారమే. చిక్కల్లా ఆ దుకాణదారు సొంత పేరుతో, ఇంటి మనిషిలా ప్రకటన ఇవ్వడంలో ఉంది. ఒకే నంబరునుంచి వరసగా పదిహేను ఫోన్ల ప్రకటనలు కనిపిస్తే అది క్రమం తప్పని వ్యాపారమని వాదించడానికి అదే ఆధారం అవుతుంది.

అమ్మింది ఒంగోలులో ఉండే ఒక అధ్యాపకుడు, తన సొంత ఫోను అయితే? ఇక్కడే చాలామంది తడబడతారు. వృత్తిగా కాక సొంత హోదాలో చేసే పనికి తమ నిబంధనలు వర్తించవని ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతాయి. అసలు చట్టమైన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొత్త వస్తువు, పాత వస్తువు అని తేడా చూపదు. వ్యాపారి అన్న మాటకు అందులో ఉన్న నిర్వచనం కూడా విశాలంగానే ఉంది, అందువల్ల ఒక్కసారి అమ్మినవారూ అందులోకి వస్తారని వాదించేవారు ఉన్నారు. చట్టం ఉద్దేశం వ్యాపారుల ఆగడాలను అడ్డుకోవడమే కాబట్టి ఇంటి మనిషిని అందులోకి లాగకూడదన్నది ఎదుటి వాదన. రెండోదే బలమైనదని నా అభిప్రాయం. అయినా విద్యార్థిని హక్కు పోలేదు. 1930 నాటి చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆమె పక్షానే ఉన్నాయి. పోయింది రుసుము లేని సులువైన దారి. సివిల్ కోర్టులో దావా వేయాలంటే కోర్టు ఫీజు, లాయరు ఖర్చు, వాయిదాలు. 4,500 రూపాయల కోసం అది ఎవరికీ గిట్టుబాటు కాదు.

మౌనంగా ఉండటం మోసమా?

ఈ ప్రశ్నకు కాంట్రాక్టు చట్టం ఒక గుర్రం కథతో జవాబిస్తుంది. 17వ సెక్షన్ కింద ఉదాహరణలు ఉన్నాయి. ఒకాయన తన గుర్రానికి జబ్బు ఉందని తెలిసీ, ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మాడు. అది మోసం కాదు. కొన్నది అప్పుడే యుక్తవయసు వచ్చిన అతని కూతురైతే, ఆ సంబంధమే నిజం చెప్పాల్సిన బాధ్యతను అతనిమీద పెడుతుంది. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అని అడిగినప్పుడు అమ్మేవాడు నోరు విప్పకపోతే ఆ మౌనం మాటతో సమానం. ఒంగోలు గిత్తను పళ్ళు చూసి, సుడులు చూసి కొనే నేలమీద ఈ తర్కం కొత్తగా అనిపించదు.

దీన్ని మన దగ్గరి సంఘటనకు వర్తింపజేసి చూద్దాం. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు పరిసరాలను ముంచెత్తింది, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కూడా కోతకు గురైంది. ఆ నీళ్ళలో రెండు రోజులు నానిన స్కూటర్‌ను ఒకరు తర్వాత అమ్మకానికి పెట్టారనుకుందాం. వరద ఊసే ఎత్తలేదు, కొన్నవారూ అడగలేదు. కేవలం మౌనం మోసం కాదు కాబట్టి ఈ కేసు బలహీనం. తుప్పు కనపడకుండా రంగు వేయించి, తడిసిన వైర్లమీద కొత్త తొడుగు వేసి అమ్మితే అది నిజాన్ని కావాలని దాచడం, చట్టం దృష్టిలో మోసమే. ‘వరదలో తడిసిందా? తడవలేదనుకునే డబ్బు పంపుతున్నాను’ అని కొనేవారు వాట్సాప్‌లో రాసి, అటునుంచి జవాబుగా చిరునామా మాత్రమే వచ్చి ఉంటే, గుర్రం కథలోని మూడో సందర్భానికి ఇది చాలా దగ్గర.

ఇంకో మెలిక ఉంది. 19వ సెక్షన్‌లోని మినహాయింపు ప్రకారం, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. కావలిలో బండి కొన్నాయన ‘మొదటి ఓనరన్నారు, తీరా చూస్తే మూడో ఓనరు’ అంటే, ‘ఆర్సీ చూస్తే తెలిసేది కదా’ అని అమ్మినవారు దీన్నే పట్టుకుంటారు. అయితే ఈ మినహాయింపు పొరపాటున చెప్పిన తప్పుకూ, మోసపూరితమైన మౌనానికీ మాత్రమే. నిజం తెలిసి ఉండి ‘మొదటి ఓనర్‌ను నేనే’ అని నోరారా చెప్పినవారికి ఇది అక్కరకు రాదు. తాము పరీక్ష చేసుకోలేదు కాబట్టి తప్పంతా తమదేనని చాలామంది కొనుగోలుదార్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. అంత అవసరం లేదు.

వెనక్కి ఇవ్వవచ్చా, తేడా డబ్బు మాత్రమేనా?

వర్ణనకు సరిపోని వస్తువును తిరస్కరించే హక్కు కొన్నవారిది. కానీ ఆ హక్కుకు కాలపరిమితి ఉంది, చట్టం దాన్ని రోజుల్లో చెప్పదు. పరీక్షించుకోవడానికి తగిన అవకాశం ఉన్నాక కూడా, తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా సమంజసమైన సమయం దాటేవరకు వస్తువును ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టే లెక్క. సొంతదారులా దాన్ని మార్చేసినా అంతే.

మన విద్యార్థిని మూడో రోజున స్క్రీన్ సంగతి తెలుసుకుని వెంటనే సందేశం పెడితే 18,000 మొత్తం అడగవచ్చు, ఫోను తిరిగి ఇవ్వాలి. తెలిసీ రెండు నెలలు వాడుకుని అప్పుడు అడిగితే ఆమెకు మిగిలేది ధరలోని తేడా, అంటే 4,500 చుట్టుపక్కల. మూడో రోజున తెలిశాక ఆమె ఇంకో దుకాణంలో వేరే స్క్రీన్ వేయించుకుంటే? కోపంలో చాలామంది చేసే పని ఇదే. దాంతో తిరస్కరించే హక్కు పలచబడుతుంది, పైగా మొదటి స్క్రీన్ ఏమిటో చూపే సాక్ష్యమే మాయమవుతుంది.

రొయ్యల గుంటకు జనరేటర్ కొన్నవారు వినియోగదారులా?

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు, ఇటు కొత్తపట్నం తీరంలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకూడదు, నీటిలో ఆక్సిజన్ పడిపోతే పంట మొత్తం పోతుంది. ఒక రైతు 1,60,000 పెట్టి ఆన్‌లైన్‌లో ఒక డీలర్ దగ్గర పాత డీజిల్ జనరేటర్ కొన్నాడు. చెప్పిన సామర్థ్యంలో సగం కూడా రాలేదు. కమిషన్‌కు వెళ్తే డీలర్ తరఫున వచ్చే మొదటి మాట: ‘ఇది వ్యాపార అవసరానికి కొన్నది, ఈయన వినియోగదారు కాదు.’

వ్యాపార ప్రయోజనానికి కొన్నవారిని చట్టం నిజంగానే మినహాయించింది. అదే చోట, స్వయం ఉపాధితో జీవనోపాధి సంపాదించుకోవడానికి మాత్రమే సొంతంగా వాడుకుంటే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదనీ చెప్పింది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడ గీయాలో వివరించింది. సొంతంగా ట్యాక్సీ నడుపుకునేవాడు, సాయంగా ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారే. యంత్రం కొని పూర్తిగా ఇతరులచేత నడిపించేవాడు కాడు. ఏ కేసు ఎటు అన్నది ఆయా వాస్తవాలను బట్టి తేలుతుంది. రెండెకరాల గుంటను భార్యాభర్తలు కలిసి చూసుకుంటూ, రాత్రి కాపలాకు ఒక మనిషిని పెట్టుకున్న కుటుంబం గీతకు ఇటువైపు ఉంటుంది. యాభై ఎకరాలు కౌలుకు తీసుకుని మేనేజరును పెట్టినవారు అటువైపు. మధ్యలో ఉన్న పదెకరాల రైతు సంగతి నిజంగానే చెప్పలేం.

పోలీసులు ‘ఇది సివిల్’ అని ఎందుకంటారు

ఫిర్యాదు తప్పించుకోవడానికి అంటారన్న అనుమానం ఉంది, కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట వెనుక చట్టం కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద మోసం నేరం కావాలంటే, బేరం నాడే మోసగించే ఉద్దేశం ఉండాలి. మాట తప్పినంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఫోను స్క్రీన్ గురించి అధ్యాపకుడికే తెలియకపోవచ్చు, ఆయనకూ ఎవరో అలాగే అమ్మి ఉండవచ్చు. మీటరు వెనక్కి తిప్పిన బండి, తప్పుడు పేరు, డబ్బు పడగానే ఆగిపోయిన ఫోను, ఒకే వస్తువుకు నలుగురి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం వంటివి ఉంటే కథ మారుతుంది. అది తగాదా కాదు, నేరం.

దొంగ ఫోను ఇంకా వేరే సంగతి. అమ్మినవారికే హక్కు లేనప్పుడు కొన్నవారికీ హక్కు రాదు, డబ్బిచ్చి కొన్నా ఫోను అసలు యజమానిదే. ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు, పోగొట్టుకున్న ఫోన్ల జాబితాలో ఉందేమో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో తెలుస్తుంది.

డబ్బు వెళ్ళిన దారి

యూపీఐలో ఎవరి పిన్ వారే కొట్టి వ్యక్తికి పంపిన డబ్బు, వస్తువు బాగాలేదన్న కారణంతో బ్యాంకు వెనక్కి తేదు. ఖాతాదారు ప్రమేయం లేకుండా పోయిన డబ్బుకు రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన రక్షణ దీనికి వర్తించదు. క్రెడిట్ కార్డుతో వ్యాపారికి చెల్లించి ఉంటే, వస్తువు వర్ణనకు భిన్నంగా ఉందని కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర వివాదం లేవనెత్తే పద్ధతి ఉంది. వస్తువు అందేవరకు డబ్బును తన దగ్గర ఆపి ఉంచే ఆన్‌లైన్ అమ్మకాల వేదికల్లో తిరస్కరణ అన్నిటికన్నా సులువు. అసలు వస్తువే లేని నకిలీ ప్రకటన అయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930. ఆ డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపగలరు, అందుకే అక్కడ గంటలు కూడా లెక్కే.

వేదికల వాదన, అమ్మేవారి వాదన

ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి చోట్ల వేదిక తనను తాను నోటీసు బోర్డులాగా చూసుకుంటుంది: ఎవరో అంటించారు, ఎవరో చదివారు. ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ ఇలాంటి మధ్యవర్తులకు షరతులతో రక్షణ ఇస్తుంది. కోట్ల ప్రకటనల్లో ప్రతి స్క్రీనూ అసలుదో కాదో చూడటం అసాధ్యమన్నది వారి వాదన, అందులో పస ఉంది. అయినా ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి అని 2021 నాటి ఐటీ నియమాలు వారిని కట్టడి చేస్తాయి. వేదికే వస్తువును పరీక్షించి ముద్ర వేసి, ధర నిర్ణయించి, డబ్బు తీసుకుని, ఇంటికి చేరవేస్తే ‘మేము మధ్యవర్తులమే’ అన్న మాట అంత తేలిగ్గా చెల్లదు.

ఇక అమ్మేవారి గోడు తక్కువగా వినబడుతుంది. బాగున్న ఫోను పంపితే, కింద పడేసుకుని ‘ముందే పగిలింది’ అనేవారు ఉన్నారు. లోపలి భాగాలు మార్చి వాపసు పంపేవారూ ఉన్నారు. నిరూపించే భారం ఫిర్యాదు చేసేవారిమీద ఉండటానికి కారణం ఇదే. అందువల్ల ప్రకటన మాయమయ్యేలోపు తీసిన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, సర్వీస్ సెంటర్ రాతకు అంత విలువ. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయకపోతే ఫిర్యాదు చెల్లదన్నది కొన్ని సంస్థలు పెట్టుకున్న నియమమే, చట్టంలో ఎక్కడా లేదు. వినియోగదారుల కమిషన్ ప్రమాణపత్రం, పత్రాల ఆధారంగా తేలుస్తుంది. సివిల్ కోర్టుకు వెళ్తే మాత్రం స్క్రీన్‌షాట్‌కు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

4,500 రూపాయల తగాదాకు గిట్టుబాటయ్యే చోటు

వ్యక్తి వ్యక్తికి అమ్మిన చోట హక్కు ఉన్నా దారి ఖరీదైనదని పైన చూశాం. ఈ ఖాళీలో పెద్దగా ఎవరూ వాడని ఒక ఏర్పాటు ఉంది. నెల్లూరులో, ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. కోర్టులో దావా వేయకముందే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద అక్కడ దరఖాస్తు ఇస్తే ఎదుటివారికి నోటీసు వెళ్తుంది. ఇద్దరూ వస్తే లోక్ అదాలత్‌లో రాజీ కుదురుస్తారు. కోర్టు ఫీజు లేదు. రాజీని నమోదు చేసిన తీర్పు పత్రానికి (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం కూడా ఈ చట్టంలోనే ఉంది, కాబట్టి మన విద్యార్థినికి లాయరు ఖర్చు కూడా తప్పుతుంది.

దీని బలహీనత కూడా అంతే స్పష్టం. రాజీకి ఎవరినీ బలవంతం చేయలేరు. ఒంగోలు అధ్యాపకుడు రానంటే కాగితాలు తిరిగి విద్యార్థిని చేతికే వస్తాయి, ఆమెకు మూడేళ్ళ గడువులో సివిల్ దావా ఒక్కటే మిగులుతుంది. కానీ పేరు, ఉద్యోగం, స్థిరమైన చిరునామా ఉన్న మనిషి న్యాయసంస్థ ముద్రతో వచ్చిన నోటీసును పక్కన పెట్టడం అంత మామూలుగా జరగదు. స్క్రీన్ సంగతి తనకూ తెలియదని ఆయన అనవచ్చు, అది నిజమే కావచ్చు. తెలియక చెప్పినా చెప్పిన మాట తప్పే కాబట్టి తేడా డబ్బులో ఎంత ఎవరు భరించాలన్నదే అక్కడి బేరం. 3,000 ఇచ్చి ఫోను ఆమె దగ్గరే ఉంచినా, 17,000 తిరిగి ఇచ్చి ఫోను తీసుకున్నా, సంతకాలు పడ్డాక ఆ తగాదా మళ్ళీ తెరుచుకోదు.